సింహరాశి కింద ఒక బిభా

మా అనంతపురంలో ఎండాకాలం రాత్రి ఇంట్లో పడుకోవడం ఎవరివల్లా కాదు. భోజనాలయ్యాక చాపలూ, బొంతలూ, ఒక చెంబు మంచినీళ్ళూ పట్టుకుని మిద్దెక్కాల్సిందే. మిద్దె చల్లబడడానికి రెండు బిందెలు కుమ్మరిద్దామనుకుంటే, మళ్ళీ కొళాయి ఎప్పుడొస్తుందో గుర్తొచ్చి చెయ్యి వెనక్కి పోతుంది. వానమబ్బు మా వైపు తొంగి చూడదు గానీ, ఆ లోటు తీర్చడానికా అన్నట్టు దేవుడు మాకు చుక్కల్ని మాత్రం దండిగా ఇచ్చాడు.

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికి, అలా మిద్దె మీద పడుకున్నప్పుడే మా అమ్మాయి మనసులో మాట బయటపెట్టింది. ఇంజనీరింగ్ వద్దట. డిగ్రీలో ఫిజిక్స్ చదువుతుందట. ఆ తర్వాత ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధన. చుక్కల నుంచి వచ్చే ఎక్స్‌రేలూ, గామా కిరణాలూ పట్టుకుని, అంత దూరాన ఏం జరుగుతోందో తెలుసుకుంటుందట.

నేనేమన్నానో రాయాలంటే సిగ్గుగా ఉంది. అవన్నీ ఆడపిల్లకు కుదిరే పనులు కావన్నాను. ఊరు కాని ఊళ్ళో, కొండల మీద, రాత్రిళ్ళు ఎలా ఉంటావన్నాను. పెళ్ళి మాటేమిటన్నాను. నేనూ బీయస్సీ చదివినదాన్నే. ఎమ్మెస్సీ సీటు వచ్చి కూడా, సంబంధం కుదిరిందని మానుకున్నదాన్ని. అప్పుడు మా అమ్మ నాతో అన్న మాటలే, ఒక్క అక్షరం పొల్లుపోకుండా నా నోట్లోంచి ఊడిపడ్డాయి.

పిల్ల ఎదురు చెప్పలేదు. మర్నాడు పొద్దున నా కాఫీ గ్లాసు పక్కన ఒక నోటుబుక్కు పెట్టి వెళ్ళిపోయింది. అందులో నాలుగు పేజీల నిండా ఒకావిడ గురించి రాసుకుంది. పేరు బిభా చౌధురి. ఆ నాలుగు పేజీలూ చదివాక ఊరుకోలేక నేనూ వెతికి మరికొంత చదివాను. చదివింది నాలో దాచుకోలేక మీకు చెబుతున్నాను.

తగిన పని లేదన్నారు

బిభా అంటే వెలుగు. బెంగాలీలు మన వకారాన్ని బకారంగా పలుకుతారు కదా, మన నోటికైతే ఆమె విభ. 1913 లో కలకత్తాలో పుట్టారు. తండ్రి డాక్టరు. తల్లి బ్రహ్మసమాజం కుటుంబం నుంచి వచ్చినావిడ. మన కందుకూరి వీరేశలింగం పంతులుగారిని కదిలించిన సమాజమే అది. ఆడపిల్లల్ని చదివించడం ఆ ఇళ్ళల్లో ఒక పట్టుదల.

ఆమె పుట్టడానికి ఒక్క ఏడాది ముందు, 1912 లో, ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ హెస్ బెలూన్ ఎక్కి 5 కిలోమీటర్ల ఎత్తుకు పైనే వెళ్ళారు. పైకి పోయేకొద్దీ ఆయన దగ్గరున్న పరికరంలో రేడియేషన్ పెరుగుతూ పోయింది. అంటే అది నేలలోంచి వస్తున్నది కాదు, ఆకాశంలోంచి ఊడిపడుతున్నది. వాటికే కాస్మిక్ కిరణాలని పేరొచ్చింది. మన పాఠ్యపుస్తకాల్లో విశ్వకిరణాలన్నారు. బిభా జీవితమంతా ఆ కిరణాల వెంటే నడిచింది.

1936 లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆమె ఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తి చేశారు. ఆ ఏడాది తరగతి మొత్తానికి ఆమె ఒక్కరే ఆడపిల్ల. పరిశోధన చేస్తానంటూ దేవేంద్ర మోహన్ బోస్ దగ్గరకు వెళ్ళారు. ఆయన జగదీశ్ చంద్ర బోస్ మేనల్లుడు, పేరున్న శాస్త్రవేత్త. ఆడవాళ్ళకు అప్పగించదగ్గ పనేదీ తన దగ్గర లేదని ఆయన మొదట వెనకాడారని చెబుతారు.

ఇది చదివినప్పుడు నా గుండెలో కలుక్కుమంది. దాదాపు తొంభై ఏళ్ళ కిందట కలకత్తాలో అన్న మాటే మొన్న మా మిద్దె మీద నేనూ అన్నాను. ఆయనైతే తర్వాత మనసు మార్చుకున్నారు. బిభా పట్టు విడవలేదు, ఆయన చేర్చుకోక తప్పలేదు. 1938 లో ఆయన బోస్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టరయ్యాక ఇద్దరూ కలిసి చేసిన పని ప్రపంచమంతా తలతిప్పి చూసేటంతటిది.

కొండ మీద గాజు పలకలు

వాళ్ళ దగ్గర ఖరీదైన యంత్రాలు లేవు. ఉన్నవి ఫోటోలకు వాడే గాజు పలకలు. పలక మీద వెండి లవణాల పూత ఉంటుంది. కాస్మిక్ కిరణాల్లోని కణం ఆ పూత గుండా దూసుకుపోతే, దాని దారి పొడుగునా సన్నటి మచ్చలు మిగులుతాయి. పచ్చి సిమెంటు గచ్చు మీద కోడి నడిచిపోతే అడుగుల జాడ మిగలదూ, అలాగన్నమాట. పలకను కడిగి మైక్రోస్కోపు కింద పెడితే ఆ జాడ కనిపిస్తుంది. 1938 లో కలకత్తాలో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌కు జర్మనీ నుంచి వచ్చిన వాల్టర్ బోథే వంటివారితో జరిపిన చర్చల్లోంచి వీళ్ళకీ ఆలోచన మొలిచింది.

గాలి దట్టంగా ఉన్నచోట కణాలు దారిలోనే ఆగిపోతాయి. అందుకని పలకల్ని కొండలెక్కించారు. డార్జిలింగులో కొన్ని, 3,600 మీటర్లకు పైన ఉన్న సందక్‌ఫులో కొన్ని, టిబెట్ వైపు ఫారి జోంగులో కొన్ని. నెలల తరబడి అక్కడే ఉంచి, కిందికి తెచ్చి, ఒక్కో గీతలో ఒక్కో మచ్చ లెక్కపెట్టారు. గీత ఎంత వంకర తిరిగింది, మచ్చలు ఎంత దగ్గరగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి కణం బరువు లెక్కగట్టాలి. మూటెడు బియ్యంలో రాళ్ళేరిన వాళ్ళకు ఆ ఓపిక ఎలాంటిదో తెలుస్తుంది.

ఆ లెక్కల్లో ఎలక్ట్రాన్ కంటే సుమారు 200 రెట్లు బరువైన కణాలు తేలాయి. అప్పట్లో వాటిని మెసోట్రాన్లనేవారు. 1940 నుంచి 1942 వరకు ఆ ఫలితాలు ఇంగ్లండులోని నేచర్ పత్రికలో వచ్చాయి. కానీ అంతలో రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. ఇంకా నాణ్యమైన పలకలు ఉంటే తప్ప బరువు కచ్చితంగా తేలదు. ఆ పలకలు మన దేశానికి రావడం అసాధ్యమైంది. పని అక్కడే ఆగిపోయింది.

యుద్ధం అయ్యాక ఇంగ్లండులో, బ్రిస్టల్ నగరంలో, సెసిల్ పావెల్ బృందం ఇదే రకం పద్ధతిని మెరుగైన పలకలతో చేసింది. 1947 లో పయాన్ అనే కణాన్ని కచ్చితంగా పట్టుకుంది. 1950 లో పావెల్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన దొంగిలించారని అనడం న్యాయం కాదు. ఆయన తన పని తాను చేశారు, కలకత్తా వాళ్ళ పనినీ తర్వాత తన పుస్తకంలో ప్రస్తావించారు. కానీ పొయ్యి రాజేసి, ఎసరు పెట్టి, మరిగే వేళకు బియ్యం లేక కూర్చున్న ఇల్లాలి బాధ ఎలాంటిదో మా కరువు సీమ ఆడవాళ్ళకు వేరే చెప్పాలా?

మాంచెస్టరులో జల్లు లెక్క

బిభా మాత్రం కూర్చోలేదు. 1945 లో ఓడెక్కి మాంచెస్టరు చేరారు. అక్కడ పాట్రిక్ బ్లాకెట్ ప్రయోగశాలలో డాక్టరేటుకు చేరారు. ఆ బ్లాకెట్‌కే 1948 లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆమె ఎత్తుకున్న విషయం పేరు వినడానికి బరువుగా ఉంటుంది గానీ, అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఆకాశం నుంచి మహా వేగంగా వచ్చిన ఒక్క కణం మన గాలి పొరను గుద్దుకుంటే ముక్కలవుతుంది. ఆ ముక్కలు మళ్ళీ గుద్దుకుని మరిన్ని అవుతాయి. ఒక్కటి పదై, పది వందై, వంద లక్షై, నేలకు చేరేసరికి జడివాన. శాస్త్రవేత్తలు కూడా దాన్ని షవర్ అనే అంటారు. ఈ జల్లుకు కరువు లేదు. మా సీమలో అయినా, కోనసీమలో అయినా ఒకటే. ఇలా రాలిన మ్యూయాన్లనే కణాలు ఇప్పుడు ఈ పేపరు పట్టుకున్న మీ అరచేతి గుండా సెకనుకు ఒకటి చొప్పున పోతూనే ఉన్నాయి.

ఆ జల్లులో కొన్ని కణాలు సీసపు దిమ్మెల్ని కూడా చీల్చుకుని పోతాయి. అలాంటివి జల్లులో ఎన్ని, ఎలా వస్తాయి అన్నది ఆమె థీసిస్. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరకే వస్తాను.

అక్కడి పత్రిక ఒకటి ఈ భారతీయ మహిళా శాస్త్రవేత్తతో మాట్లాడి రాసింది కూడా. ఫిజిక్సులో ఆడవాళ్ళు ఇంత తక్కువమంది ఉండడం విషాదమని ఆమె ఆ విలేకరితో చెప్పారు. అప్పటికి మన దేశానికి స్వాతంత్ర్యం కొత్త.

బొంబాయిలో హోమీ భాభా 1945 లో టాటా పరిశోధన సంస్థను స్థాపించి మంచి పరిశోధకుల కోసం వెతుకుతున్నారు. బిభా థీసిస్ పరీక్షించిన వారినే అడిగి, వారి సలహా మీద ఆమెను పిలిచారు. 1949 లో చేరారు. ఆ సంస్థలో మొదటి మహిళా పరిశోధకురాలు ఆమే. ఎనిమిదేళ్ళు అక్కడ పనిచేశారు.

బంగారు గనిలో ఆకాశం

ఇక్కడ మా ఇంటి కథ కొంచెం కలుస్తుంది. మా అమ్మమ్మ తమ్ముడు, మా చిన్నతాత, పద్దెనిమిదేళ్ళ వయసులో కరువుకు తాళలేక కోలారు బంగారు గనులకు కూలికి పోయాడు. మా వైపు నుంచీ, చిత్తూరు వైపు నుంచీ, తమిళ దేశం నుంచీ అలా పోయినవాళ్ళు ఎందరో. పండక్కి ఊరొచ్చినప్పుడు ఆయనొక వింత చెప్పేవాడు. గనిలో బంగారం లేనిచోట బొంబాయి నుంచి వచ్చిన ఆఫీసర్లు పెట్టెలు పెట్టుకుని కాపలా కాస్తుంటారనీ, ఆకాశంలోంచి రాలేదాన్ని భూమి అడుగున పట్టుకుంటారనీ అనేవాడు. ఆకాశం చూడాలంటే మిద్దె ఎక్కాలి గానీ గనిలోకి దిగుతారా అని మేం పిల్లలం పడిపడి నవ్వేవాళ్ళం. చిన్నతాత కల్లు తాగి కోస్తున్నాడనుకునేవాళ్ళం.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. కొండ ఎక్కితే జల్లు ఎక్కువ దొరుకుతుంది. గనిలోకి దిగితే రాయి జల్లెడలా పనిచేస్తుంది. అల్పమైన కణాలన్నీ పైనే ఆగిపోతాయి, మహా శక్తిగల మ్యూయాన్లు మాత్రమే లోతుకు దిగుతాయి. అసలు ఎక్కడా ఆగని న్యూట్రినోలను వెతకాలన్నా, అడ్డొచ్చే మ్యూయాన్లను రాయి వడగట్టాలి. కోలారులో టాటా సంస్థ ప్రయోగాలు 1950 ల మొదట్లోనే మొదలయ్యాయి. 1965 లో, 2 కిలోమీటర్లకు పైగా లోతులో, వాతావరణంలో పుట్టిన న్యూట్రినో జాడ అక్కడ దొరికింది. ప్రపంచంలో మొదటిసారి ఆ జాడ దొరికిన రెండు చోట్లలో మన పక్కనున్న కోలారు ఒకటి. రెండోది దక్షిణాఫ్రికా గని.

బిభా టాటా సంస్థ నుంచి అహ్మదాబాదులో విక్రమ్ సారాభాయ్ స్థాపించిన భౌతిక పరిశోధనశాలకు మారారు. సారాభాయ్ కూడా కాస్మిక్ కిరణాల మీదే డాక్టరేటు చేసినవారు. అక్కడి నుంచి ఆమె కోలారు ప్రయోగాల్లో పాలుపంచుకున్నారు. జల్లులోని అతిశక్తి మ్యూయాన్ల లెక్క తేల్చడం ఆ పని. మాంచెస్టరులో ఎత్తుకున్న ప్రశ్నే, ఈసారి సీసపు దిమ్మెలకు బదులు కోలారు రాయి.

ఇంకో సంగతి చెప్పాలి. 1952 నాటి గనుల చట్టం ప్రకారం ఆడవాళ్ళను భూమి లోపల పనికి పెట్టుకోకూడదు. ఆ నిబంధన సడలింది 2019 లో మాత్రమే. భూగర్భంలో ఆడదానికి పని లేదని చట్టం చెప్పే రోజుల్లో, ఆ భూగర్భంలో దొరికినదానికి అర్థం చెప్పినవాళ్ళలో ఒక ఆడమనిషి ఉన్నారు. చిన్నతాత పోయి చాలాకాలమైంది. ఉండి ఉంటే, చీర కట్టుకున్న ఆఫీసరమ్మ ఎప్పుడైనా కనబడిందా తాతా అని అడిగి ఉండేదాన్ని.

చిరునామా ఉన్న ఉత్తరం

మా అమ్మాయి చదువుతానన్న గామా కిరణాలకూ, ఈవిడకూ సంబంధమేమిటా అని నాకూ సందేహం వచ్చింది. అదే చెప్పించుకున్నాను.

కాస్మిక్ కిరణాల్లో ఎక్కువ భాగం విద్యుదావేశం ఉన్న కణాలు. దారిలో అయస్కాంత క్షేత్రాలు వాటిని అటూ ఇటూ తిప్పేస్తాయి. మన దాకా వచ్చేసరికి ఎక్కడినుంచి బయల్దేరాయో తెలియదు. చిరునామా చెరిగిపోయిన ఉత్తరం లాంటివి. గామా కిరణం అలా కాదు. దానికి ఆవేశం లేదు, నేరుగా వస్తుంది. ఏ దిక్కునుంచి వచ్చిందో చూస్తే పంపినవారెవరో తెలిసిపోతుంది. 1054 లో పేలిపోయిన నక్షత్రం ఒకటుంది. వృషభరాశిలో దాని శిథిలాన్ని పీత నిహారిక అంటారు. దాని నడుమ సెకనుకు 30 సార్లు గిరగిర తిరిగే చుక్క ఒకటి ఇప్పటికీ ఎక్స్‌రేలూ, గామా కిరణాలూ చిమ్ముతోంది.

చిక్కేమిటంటే అతిశక్తి గామా కిరణం కూడా గాలిని తాకి జల్లే కురిపిస్తుంది. ఏ జల్లు గామాది, ఏది మామూలు కణానిది? గామా జల్లులో మ్యూయాన్లు బాగా తక్కువ. జల్లులో చొచ్చుకుపోయే కణాలెన్ని అని లెక్కపెడితే రెంటినీ వేరు చేయొచ్చు. అదిగో, గుర్తుంచుకోమన్నది ఇదే. 1940 లలో బిభా అడిగిన ప్రశ్న ఇప్పుడు గామా కిరణాలు వెతికేవాళ్ళకు చేతి దీపం. ఊటీలోని గ్రేప్స్ ప్రయోగశాలలో 560 చదరపు మీటర్ల మ్యూయాన్ పరికరం పెట్టింది ఇలాంటి లెక్క కోసమే. లడాఖ్‌లోని హాన్లేలో, 4,200 మీటర్లకు పైన, 21 మీటర్ల అద్దంతో మేస్ అనే టెలిస్కోపును 2024 లో ప్రారంభించారు. అది గామా జల్లు గాలిలో మెరిపించే క్షణకాలపు నీలి వెలుగును పట్టుకుంటుంది.

ఎక్స్‌రేలైతే నేలకు చేరవు, గాలి ఆపేస్తుంది. వాటికోసం పైకి పోవాలి. మన హైదరాబాదు నుంచి టాటా సంస్థ వాళ్ళు పెద్ద పెద్ద బెలూన్లు ఎగరేసి 1960 లలోనే ఎక్స్‌రే చుక్కలను చూశారు. 2015 లో మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఉపగ్రహం అదే పని మీద బయల్దేరింది. ఇవన్నీ మన ముంగిట్లో జరిగినవే. నాకే తెలియలేదు.

ఆలస్యంగా వెలిగిన చుక్క

బిభా మౌంట్ ఆబు దగ్గర ఒక పెద్ద ప్రయోగం చేయాలని సారాభాయ్‌తో ఆలోచించారు. జల్లుతో పాటు పుట్టే రేడియో తరంగాలను పట్టాలని. 1971 డిసెంబరులో సారాభాయ్ హఠాత్తుగా కన్నుమూశారు. ఆ ప్రయోగం ముందుకు సాగలేదు. ఆమె స్వచ్ఛందంగా ఉద్యోగం విడిచి కలకత్తా చేరారు. అలాగని ఊరికే కూర్చోలేదు. అక్కడి సంస్థల్లో పరిశోధన సాగించారు. 1990 లో కూడా ఆమె పరిశోధనా పత్రం వెలువడింది. 1991 జూన్ 2 న పోయారు. పెళ్ళి చేసుకోలేదు. అర్ధశతాబ్దం పని చేసినా పెద్ద పురస్కారమేదీ రాలేదు. దేశంలోని పెద్ద విజ్ఞాన అకాడమీలేవీ సభ్యత్వమివ్వలేదు. 2008 లో మన మహిళా శాస్త్రవేత్తల జీవితాలతో వచ్చిన పుస్తకంలో సైతం ఆమె లేరు.

పోయిన ఇరవై ఏడేళ్ళకు, 2018 లో, ఆమె జీవితం మీద ఒక పుస్తకం వచ్చింది. 2019 లో అంతర్జాతీయ ఖగోళ సంఘం దేశానికొక నక్షత్రానికి పేరు పెట్టుకునే అవకాశమిచ్చింది. మన దేశం వంతుకు వచ్చిన నక్షత్రానికి ఒక విద్యార్థి ఆమె పేరు సూచించాడు, జనం ఓట్లేశారు. ఇప్పుడు ఆ చుక్క పేరు బిభా. సుమారు 340 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది.

నోటుబుక్కు చదివిన రాత్రి మళ్ళీ మిద్దెక్కాం. సింహరాశి నడినెత్తిన ఉంది. దానికి దిగువన, కొంచెం దక్షిణంగా చూడమంది మా అమ్మాయి. కళ్ళు చిట్లించి చూశాను. ఏమీ కనబడలేదు. మామూలు కంటికి కనబడదట, బైనాక్యులర్స్ కావాలట. లేకపోవడం వేరు, కనబడకపోవడం వేరు అని ఆ క్షణంలో నాకు తెలిసింది. నా ఎమ్మెస్సీ సీటు కాగితం ఇప్పటికీ బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అది ఎవరికీ కనబడలేదు, నాకు తప్ప.

డిగ్రీ దరఖాస్తు నేనే దగ్గరుండి పూర్తి చేయించాను. మావారు ఇంకా ముభావంగానే ఉన్నారు. అత్తగారు ఊళ్ళోవాళ్ళకు ఏం చెప్పాలని అడుగుతున్నారు. ఈ పిల్ల శాస్త్రవేత్త అవుతుందో, బళ్ళో పంతులమ్మ అవుతుందో నాకు తెలియదు. తగిన పని కాదన్న మాట మాత్రం నా నోటివెంట మళ్ళీ రాదు.

ఆ బిభా నక్షత్రం చుట్టూ రెండు రోజుల పైచిలుకుకు ఒకసారి తిరిగే గ్రహం ఒకటుంది. దానికి సంతమస అని పేరు పెట్టారు. సంస్కృతంలో మబ్బు కమ్మినదని అర్థమట. మిగతావాళ్ళకు అది దిగులు పుట్టించే పేరేమో గానీ, మా అనంతపురం వాళ్ళకు మబ్బు కమ్మిందంటే ఇంతకంటే మంచి కబురు ఇంకేముంటుంది చెప్పండి!